తలకిందుల ఆంజనేయుణ్ణి మేము సరిచేసిన విధం

పాత కట్టడాల మరమ్మతు శాఖలో చేరేవాళ్లకు మొదటిరోజే ఒక మాట చెబుతారు: కట్టడాన్ని దాని మూల రూపానికి తేవడమే మన పని అని. నాకూ చెప్పారు. రిటైరైన రోజు శాలువా కప్పి మళ్లీ అదే చెప్పారు. ఈ రెంటికీ మధ్య నేను చేసిన ఉద్యోగమంతా, ఆ మూల రూపం ఏదో తెలియక దిక్కులు చూడడమే.

ప్రమోషన్ల గురించి రాయను. నా ముందున్నవాళ్లు రిటైరయ్యారు కాబట్టి వచ్చాయి, అందులో నా ప్రతిభ ఏమీ లేదు. ఫైళ్ల గురించీ రాయను. అవి ఎక్కడున్నాయో నాకంటే చెదలకు బాగా తెలుసు. డెబ్బైల చివర్లో, నేను ఇంకా కొత్తవాణ్ణిగా ఉన్నప్పుడు, ఒకే ఒక్క రాతి స్తంభం నాకు ఈ ఉద్యోగం నేర్పింది. దాని సంగతి రాస్తాను. ఇప్పుడు చేరుతున్న పిల్లలకు పనికొస్తుంది. పనికిరాకపోయినా నష్టం లేదు, శిక్షణ తరగతుల్లో చెప్పేది మాత్రం పనికొస్తుందా ఏమిటి?

స్టేషన్ లాంటి గుడి

వడమాలపేట దాటి పుత్తూరు వైపు పోతుంటే లోపలికి ఒక పల్లె. పేరు చెప్పను. చెబితే సరిచేయడానికి ఎవరో ఒకరు బయలుదేరుతారు. అక్కడ చంద్రగిరి రాజుల కాలం నాటి వేణుగోపాలస్వామి గుడి ఉంది. గుడి చిన్నది, ముందున్న మండపం పెద్దది. అన్నీ రాతి స్తంభాలు. ఒక్కొక్క దానికీ కింద, నడుమ, పైన చదరపు దిమ్మెలు, దిమ్మెకూ దిమ్మెకూ మధ్య ఎనిమిది పలకల నడుము. దిమ్మె మీద శిల్పం. హంస, పద్మం, వెన్న దొంగిలించే కృష్ణుడు, ఏం దొంగిలించాలో తోచక కూర్చున్న కోతి. స్తంభం మీద దూలం, దూలం మీద బండలు. నడుమ సున్నం లేదు, సిమెంటు లేదు. ఒకదాని బరువు ఇంకొకదాన్ని కదలనివ్వదు. ఉమ్మడి కుటుంబం అన్నమాట.

విక్టోరియా రాణి ఏలుబడిలో ఈ మండపం ఒక మూల కుంగింది. గుర్రం మీద పోతున్న కలెక్టరు దొర చూసి జాలిపడి, పక్క ఊరి శెట్టిగారి చేత ఖర్చు పెట్టించి మరమ్మతు చేయించాడు. గోడలో పొదిగిన పలక మీద రాణి పేరు పెద్ద అక్షరాల్లో, దొర పేరు నడిమిరకం అక్షరాల్లో ఉన్నాయి. శెట్టిగారి పేరు చదవాలంటే వంగాలి.

దొరకు తన దేశంలో గుళ్లను బాగుచేసిన పద్ధతి గుర్తుండి ఉంటుంది. ముందు వరుస స్తంభాల మధ్య ఇటుకతో చర్చిల్లో ఉండే మొనదేలిన కోసు కమానులు కట్టించాడు. నడిమి కమాను మీద రంగు అద్దాల గుండ్రటి కిటికీ పెట్టించాడు. పిట్టగోడ మీద రెండు గచ్చు సింహాలు. వాటిని చేసిన పనివాడు సింహాన్ని ఎన్నడూ చూసినట్టు లేదు, దొరను మాత్రం బాగా చూసినట్టుంది. రెండింటికీ ఒత్తైన బుగ్గమీసాలు. ఎదురుగా నిలబడితే రేణిగుంట స్టేషన్‌కు వచ్చామేమో, దేవుడి దగ్గరికి పోవడానికి టికెట్టు తీయాలేమో అనిపించేది.

ఆ మరమ్మతులోనే ఆగ్నేయ మూల స్తంభాన్ని తలకిందులుగా నిలబెట్టారు. దాని మీది హంస వెల్లకిలా ఈదుతోంది. కృష్ణుడి కుండలోని వెన్న ఎందుకు కారిపోవడం లేదో కృష్ణుడికే తెలియాలి. నడిమి దిమ్మె మీద ఆంజనేయుడు కాళ్లు ఆకాశానికి ఎత్తి, తల నేలకు పెట్టి, ఏమీ జరగనట్టే నమస్కారం చేస్తున్నాడు.

లారీల దేవుడు

ఈ ఆంజనేయుణ్ణి లారీలవాళ్లు కనిపెట్టారు. రేణిగుంట నుంచి, పుత్తూరు నుంచి, చిత్తూరు నుంచి, ఎవరు కొత్త లారీ కొన్నా మొదట ఇక్కడికే తెచ్చేవాళ్లు. నమ్మకం చాలా సూటిగా ఉండేది. ఒక డ్రైవరు నాకు విడమరిచి చెప్పాడు: “మన బదులు సామి తలకిందులై ఉండాడు సార్. ఇంక మనం అయ్యే పనేముండాది?”

తర్కంలో లోపం ఎక్కడుందో నేను ఇప్పటికీ వెతుకుతున్నాను.

నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు, ముందు అద్దానికి పసుపు బొట్టు, ఇదంతా మామూలే. మామూలు కానిది దర్శనం. సామి ముఖం చూడాలంటే భక్తుడు తానూ తలకిందులు కావాలి. నడుము వంచి, మెడ మెలిపెట్టి, తల అడ్డంగా తిప్పి చూడాలి. బొజ్జలున్న లారీ ఓనర్లు పట్టు పంచెల్లో అలా వంగి మెలితిరుగుతుంటే, వెనక వరుసలో ఉన్నవాళ్లకు వేరే దర్శనం అయ్యేది.

పూజారి నరసింహాచారి దగ్గర ఈ స్తంభానికి మూడు స్థలపురాణాలుండేవి. రైతులు వస్తే, సంజీవని కొండతో పోతున్న సామి కింద పచ్చటి చేలను చూసి తల వంచాడనేవాడు. లారీలవాళ్లు వస్తే, ఘాట్ రోడ్డు మలుపులో భక్తుణ్ణి పట్టుకోబోయి ఇలా అయ్యాడనేవాడు. అప్పటికి ఘాట్ రోడ్డు లేదు కదా స్వామీ అని అడిగితే, “మలుపులుండాయి కదప్పా” అనేవాడు. మాలాంటి ఉద్యోగులు వస్తే మాత్రం, అది శీర్షాసనం అని ముక్తసరిగా చెప్పేవాడు. లోపల గర్భగుడిలో వేణుగోపాలస్వామి తన వేణువు తాను ఊదుకుంటూ కాలక్షేపం చేస్తుండేవాడు.

మా విశ్వనాథం గారు

నా పై అధికారి విశ్వనాథం గారిది గోదావరి వైపు. నిజాయితీపరుడు, పని తెలిసినవాడు, ఆయనతో ఒక పూట గడిపితే ఎవరికైనా లంచగొండి అధికారి మీద ప్రేమ పుట్టేది. ఆయనకు మూల రూపం పిచ్చి. దొరల కాలంలో చేసిన ప్రతి మరమ్మతూ ఆయన దృష్టిలో అపచారమే. అది తీసేయాలి, రాజుల నాటి కట్టడం బయటపడాలి. తన తలకు, ఒత్తైన బుగ్గమీసాలకు మాత్రం నెలనెలా నల్లరంగు వేసేవారు. ఆ విషయంలో మూల రూపం చర్చకు వచ్చేది కాదు.

మండపం మళ్లీ అదే మూల కుంగడంతో పని మాకు వచ్చింది. విశ్వనాథం గారు వచ్చి కమానులు చూశారు, సింహాలు చూశారు, తలకిందుల స్తంభం చూశారు. చివరిదాని ముందు చాలాసేపు నిలబడ్డారు.

“ఎవడో మూర్ఖుడు చేసిన పనయ్యా ఇది. పై కొస ఏదో, కింది కొస ఏదో కూడా తెలియని మూర్ఖుడు. విప్పించి సరిగ్గా నిలబెట్టు.”

“సార్, దీనికి భక్తులున్నారు.”

“నిలబెట్టాక ఇంకా ఎక్కువమంది వస్తారు.”

సరేనన్నాను. కొత్త ఉద్యోగి దగ్గర ఆ మాట తప్ప వేరే పనిముట్టు ఉండదు.

రాతి కట్టడాన్ని విప్పేటప్పుడు ఒక పద్ధతుంది. ప్రతి రాయికీ తెల్లరంగుతో నంబరు వేయాలి. ఏది ఏ వరుసలోదో రాసుకోవాలి. తర్వాత ముక్కాలి కర్రలు పాతి, చైన్ పుల్లీతో ఒక్కొక్కటీ దించాలి. మేం ఆ మూల విప్పి రాళ్లను వరుసగా పేర్చాం. మర్నాటికల్లా ప్రతి నంబరుకూ పసుపు కుంకుమలు పెట్టి ఉన్నాయి. ఒక దూలానికి కొబ్బరికాయ కూడా కొట్టారు. ఆ దూలం చేసుకున్న పుణ్యమేమిటో కనుక్కోలేకపోయాను. పునాది చూడాలని విశ్వనాథం గారు మండపం పక్కన పొడుగాటి గుంత తవ్వించారు. దాన్ని గుర్తుపెట్టుకోండి. మేం గుర్తుపెట్టుకోలేదు.

ఆంజనేయుడి స్తంభాన్ని సరుగుడు కట్టెల మీద పక్కవాటుగా పడుకోబెట్టాం. సరిగ్గా ఆ రోజే మునిరత్నం నాయుడు కొత్త లారీ తెచ్చాడు.

పడుకున్న సామి

నాయుడు వడమాలపేట రైతు. రెండు చెరకు మళ్లు అమ్మి లారీ కొన్నాడు. మళ్లు అమ్మడం ఆయన భార్య కాంతమ్మకు సుతరామూ ఇష్టం లేదు. చివరికి ఒక్క షరతు మీద ఒప్పుకుంది: తలకిందుల ఆంజనేయుడికి చూపించనిదే లారీ మీద ఒక్క బస్తా కూడా ఎక్కకూడదు. చిత్తూరు బెల్లం మండీలో మొదటి లోడు కాచుకుని ఉంది. పూజ అయిన వెంటనే పోయి ఎత్తుకోవాలి. పోకపోతే ఆ లోడు ఇంకొకరికి పోతుంది, మండీవాడు మళ్లీ ఈ నాయుణ్ణి పిలవడు.

నాయుడు లారీ దిగి మండపం చూశాడు. మూల ఖాళీగా ఉంది.

“యాడప్పా సామి?”

“అదిగో అన్నా, ఆడ” అని నేను చూపించాను.

కట్టెల మీద పడుకుని, పొట్ట మీద నంబరు వేయించుకుని, పక్కకు తిరిగి నమస్కారం చేస్తున్న సామిని చూశాడు.

“ఏమప్పా, సామిని పండుకోబెట్టినారు?”

“పని జరగతా ఉంది. మళ్లీ లేపుతాం.”

“ఎట్ల లేపుతారు?”

“సరిగ్గానే.”

“సరిగ్గా అంటే?”

“తల పైకి పెట్టి.”

నాయుడు అక్కడే ఒక దూలం మీద కూలబడ్డాడు. కొబ్బరికాయ కొట్టించుకున్న దూలమే అది. క్యాబిన్లోంచి కాంతమ్మ దిగింది.

“ఏమయ్యా, రెండు మళ్లమ్మి కొన్న లారీని మామూలు ఆంజనేయుడికి సూపించేదానికి ఇంత దూరం రావల్నా? మన ఈది సివర లేడా?”

“ఉండవే, మాట్లాడతా ఉండా కదా.”

“ఏం మాట్లాడతావు? సామి పక్కకు పడి ఉండాడు. ఈ పొద్దు పూజ సేస్తే మన లారీ పక్కకు పడుతుంది. ఆయన తల కిందికి పెట్టి నిలబడేదాకా బండి కదిలేదానికి లే.”

లారీ మండపం ఎదుట నిలిచిపోయింది. దాని వెనకే కాంతమ్మ టార్పాలిన్ కట్టి, మూడు రాళ్లు పెట్టి సంగటి కెలికింది. ఆ మూడు రాళ్లలో ఒకటి మాదే. నంబరున్నది.

నాయుడు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నా దగ్గరికి వచ్చి అడిగేవాడు: “ఏమన్నా తేలిందాప్పా? మండీవాడు కబురంపతా ఉండాడు.” అడిగేటప్పుడు నవ్వేవాడు. ఆ నవ్వు చూడలేక నేను కొలతల టేపు తీసుకుని, కొలిచిన రాళ్లనే మళ్లీ కొలిచేవాణ్ణి.

లారీ కావలెను

విశ్వనాథం గారికి కబురు చేశాను. జీపులో వచ్చారు. ఎదుట లారీ, దాని చుట్టూ సగం పల్లె, సంగటి వాసన. ఆయన అంతా విని, ఇద్దరికీ పనికిరాని పరిష్కారం ఒకటి చెప్పారు. పెద్ద అధికారులకు అది పుట్టుకతో వచ్చే విద్య.

“ఇంత గొడవ వద్దు. ఈ స్తంభాన్ని చంద్రగిరిలో మన శిల్పాల గోదాముకు తరలించండి. దీని స్థానంలో కొత్త స్తంభం చెక్కించి పెడదాం. లారీ మాట్లాడండి.”

“సార్, వాకిట్లో ఒకటి ఉంది” అన్నాను.

ఆయన నా వైపు చూసిన చూపు, ఏటా నా మీద ఆయన రాసే రహస్య నివేదికలోకి ఎక్కి ఉంటుంది.

రేణిగుంట పోయి లారీ ఆఫీసులన్నీ తిరిగాను. సరుకేమిటని అడిగేదాకా అందరూ మర్యాదగానే ఉన్నారు. ఒక ఓనరు నాకు కాఫీ తెప్పించి, సంగతి విన్నాక ఆ కాఫీ తానే తాగేశాడు. “బంగారం పోసినా పోం సార్. లారీల సామిని ఎత్తుకుపోయిన లారీకి ఇంక దిక్కెవరు?” అన్నాడు. చంద్రగిరిలో మా శాఖకు సొంత లారీ ఉంది. దాని డ్రైవరుకు ఆ రోజే జబ్బు చేసింది. ఎప్పటికి తగ్గుతుందని అడిగితే, “సామిని తీసకపోయేది ఎప్పుడో సెప్పండి సార్, దాన్ని బట్టి సూసుకుంటా” అన్నాడు. చివరికి ఒక ఎద్దులబండివాడు ఒప్పుకున్నాడు, అతనికి ఈ దేవుడితో లావాదేవీలు లేవు. స్తంభం చూశాక ఎద్దులు ఒప్పుకోలేదు.

అలా శాఖ ఒక చోట, సామి ఒక చోట, లారీ ఒక చోట ఆగిపోయాం. శనివారం వచ్చింది.

తలంటు

శనివారం పొద్దున కాంతమ్మ సామిని చూసి నొచ్చుకుంది. నిలబడి ఉన్నంతకాలం నూనె పట్టించుకున్న దేవుడు, ఇప్పుడు దుమ్ములో పొర్లినట్టున్నాడు. పడుకున్న మనిషికి చేసినట్టే చేద్దామనుకుంది. పల్లె ఆడవాళ్లను పోగేసి, నువ్వులనూనె మర్దించి, శీకాయ, చింతపండు, పీచుతో స్తంభమంతా ఈ కొస నుంచి ఆ కొస దాకా తోమడం మొదలుపెట్టింది. సంరక్షిత శిల్పాన్ని పీచుతో తోమరాదని మా నియమాలు చెబుతాయి. తోమే ఆడవాళ్లను ఎలా ఆపాలో అవి చెప్పవు. పని ఎంతవరకు వచ్చిందో చూడడానికి అప్పుడే వచ్చిన విశ్వనాథం గారు “అమ్మా, అది చారిత్రక...” అని మొదలుపెట్టారు. “నీళ్లు పడతాయి, పక్కకు జరుగు నాయనా” అంది కాంతమ్మ. జరిగారు.

కావి, సున్నం, నూనె, కర్పూరం మసి, కొంచెం లారీ గ్రీజు, అన్నీ పొరలుపొరలుగా కారిపోయాయి. స్తంభం ఒక కొస దగ్గర కాంతమ్మ చెయ్యి ఆగింది.

“ఏమయ్యో! ఇట్ల రా! సామి కాలికి కట్టు కట్టుండారు!”

పరుగెత్తాం. దొరల కాలంలో పైకి పెట్టిన కొస అది. అంటే రాజులనాడు నేల మీద ఆనిన అసలు పాదం. అక్కడ రాయి నిలువుగా చీలి ఉంది. చీలిక ఆంజనేయుడి మడమ దాకా పాకింది. దాని చుట్టూ మందపాటి ఇనుప పట్టీ, బిగించి, లోపల సున్నం కూరి, పైన గచ్చు పూశారు. ఎంత బాగా పూశారంటే, ఆ స్తంభం మీద నేను రాసిన వర్ణనలో ‘చెక్కుచెదరని స్థితి’ అని ఉంది.

నాయుడు వంగి చూశాడు. ఆయన ముఖం వెలిగిపోయింది.

“పుత్తూరు కట్టబ్బా ఇది! దొర కాలంలోనే కట్టించినారు సూడు!”

ఎముకలు విరిగితే ఆ చుట్టుపక్కల జనమంతా పుత్తూరు పోయి కట్టు కట్టించుకునేవాళ్లే. అందుకే చుట్టూ ఉన్నవాళ్లకు ఇంజనీరింగు విషయం క్షణంలో అర్థమైపోయింది. నాయుడు విశ్వనాథం గారి వైపు తిరిగాడు.

“ఏం సార్, కాలిరిగినోణ్ణి ఆ కాలి మీదనే నిలబెడతారా ఎవురన్నా?”

చీలిన పాదం తడి నేల మీద ఉంటే బరువుకు పగిలి, మూలంతా కూలుతుంది. అందుకే దొరగారి మేస్త్రి గట్టి కొసను కిందికి, చీలిన కొసను పొడిగా పైకి పెట్టి, పట్టీ బిగించాడు. హంస ఏమనుకుంటుందో, ఆంజనేయుడు ఏమనుకుంటాడో అన్నది తర్వాతి సంగతి, ముందు మండపం నిలబడాలి. ఆ మనిషి మూర్ఖుడు కాడు. మళ్లీ మూల కుంగింది కూడా స్తంభం వల్ల కాదు, పక్క స్తంభం కింద పునాదిలో ఎలుకలు తవ్విన బొరియల వల్ల అని గుంతలో తేలింది.

విశ్వనాథం గారు ఆ పట్టీ చూడడానికి నడుము వంచి, మెడ మెలిపెట్టి, తల అడ్డంగా తిప్పారు. అచ్చం లారీ ఓనరులాగే. వెనక నుంచి పూజారి రెండు చేతులూ జోడించాడు. విశ్వనాథం గారు లేచి, దుమ్ము దులుపుకుని అన్నారు:

“యథాతథంగా నిలబెట్టండి.”

“అంటే సార్?”

“తలకిందులుగానయ్యా, తలకిందులుగా!”

మా శాఖలో అంత స్పష్టమైన ఉత్తర్వు నేను మళ్లీ వినలేదు. ఆయన మీద నాకు గౌరవం పుట్టింది కూడా అప్పుడే. తన మాట తప్పని తేలితే మాట మార్చుకునే అధికారులు మా శాఖలో ఆంజనేయుడి విగ్రహాలకంటే చాలా తక్కువ. ‘మూర్ఖుడు’ అన్న మాట ఆయన నివేదికలో కొట్టేసి, ‘అనుభవజ్ఞుడు’ అని రాశారు. వాక్యంలో మిగతాదంతా అలాగే ఉంచారు. అందువల్ల ఇప్పటికీ అక్కడ ‘పై కొస ఏదో, కింది కొస ఏదో తెలియని అనుభవజ్ఞుడు’ అనే ఉంది.

నిలబడ్డ సామి, పడ్డ లారీ

బొరియలు పూడ్పించి, కొత్త ఇనుప పట్టీ వేయించి, చైన్ పుల్లీతో స్తంభాన్ని లేపాం. జీవితంలో మొదటిసారి “తల కిందికి, ఇంకా కిందికి” అని అరుస్తూ దేవుణ్ణి నిలబెట్టాను. సామి నిలబడ్డాడు. కాళ్లు పైకి, తల కిందికి, యథాప్రకారం నమస్కారం. పల్లె అంతా గోవింద కొట్టింది. నాయుడు వంగి, మెలిదిరిగి, దర్శనం చేసుకుని, కళ్లు తుడుచుకుని లారీ ఎక్కాడు. కాంతమ్మ పక్కన కూర్చుంది. నిమ్మకాయలు పెట్టారు. చిత్తూరు వైపు తిప్పుకోవాలంటే కొంచెం వెనక్కి రావాలి. అందరం కలిసి “రానీ, రానీ” అన్నాం.

రానిచ్చిన లారీ నేరుగా పునాది గుంతలోకి వచ్చింది.

వెనక చక్రం దిగింది. లారీ ఆలోచిస్తున్నట్టు ఒక్క క్షణం ఆగి, నిదానంగా, మర్యాదగా పక్కకు ఒరిగి, మా ఇసుక కుప్ప మీద ఆనుకుంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. పల్లె జనం అందరూ లారీని కాకుండా ఆంజనేయుణ్ణి చూస్తున్నారు. పూజారి ముఖంలో నాలుగో స్థలపురాణం తయారవుతోంది, ఇంకా అందలేదు.

ఒరిగిన క్యాబిన్ కిటికీలోంచి కాంతమ్మ తల బయటికి వచ్చింది.

“అమ్మయ్య! పడాల్సింది సామి ముందరే పడిపోయింది. ఇంక రోడ్డు మీద భయం లే. దిగయ్యా, పొంగలి పంచుదాం.”

నాయుడు దిగి, గుంతను చూసి, లారీని చూసి, విశ్వనాథం గారికి దండం పెట్టాడు. “ఈ గుంత మీరే తవ్విచ్చినారంట కదా సార్. మీ మేలు మర్సిపోను.” ఆయన తలూపారు. ఆయన ఉద్యోగ జీవితంలో ప్రజలు కృతజ్ఞత చూపిన ఏకైక గుంత అదే.

సామిని లేపిన ముక్కాలితోనే, సామిని లేపిన చైన్ పుల్లీతోనే లారీని లేపాం. విశ్వనాథం గారు స్వయంగా నిలబడి చెయ్యి ఊపుతూ చెప్పారు. లారీని దాని మూల రూపానికి తెచ్చాం. నిమ్మకాయల మీద నుంచి అది చిత్తూరు వైపు కదిలింది. లోడు దొరికింది. నాయుడు తర్వాత ఇంకో రెండు లారీలు కొన్నాడు. ప్రతిసారీ తెచ్చాడు. ప్రతిసారీ నన్ను పక్కకు పిలిచి, సిగ్గుపడుతూ అడిగేవాడు: “గుంత ఏమన్నా తవ్వే పనుందాప్పా?”

కొత్తవాళ్లకు

నేను నేర్చుకున్నది ఇంతే. మనకంటే ముందు రాయి మీద చెయ్యి వేసినవాణ్ణి మూర్ఖుడు అనేముందు, ఆ రాయిని పడుకోబెట్టి, శుభ్రంగా తోమించి చూడండి. దొర మరమ్మతును తీసేస్తే రాజు కట్టడం బయటపడుతుందని అనుకుంటాం. ఒక్కోసారి కూలిపోయే కట్టడమే బయటపడుతుంది. ఆ కమానులు కూడా మేం తీయలేదు, మూల కుంగినప్పుడు మిగతా బరువంతా మోసింది అవే. సింహాలను మాత్రం తీసేద్దామనుకున్నాం. పల్లెవాళ్లు ఒప్పుకోలేదు. అవి విశ్వనాథం గారిలాగే ఉన్నాయన్నారు.

మొన్న ఒకమ్మాయి ఫోన్ చేసింది. మా శాఖలో కొత్తగా చేరింది, మదనపల్లె వైపు పిల్ల, గొంతులో ఉత్సాహం పొంగుతోంది.

“సార్, నేను మీ వేణుగోపాలస్వామి గుడి దగ్గర ఉండాను. ఆగ్నేయం మూల స్తంభం తలకిందులుగా ఉండాది సార్. మీ కాలంలోనే నిలబెట్టినారంట. సరిచేసేదానికి ఎస్టిమేటు రాస్తా ఉండా.”

“వాకిట్లో లారీలేమన్నా ఉన్నాయా తల్లీ?”

“రెండుండాయి సార్. ఇంకొకటి ఇప్పుడే రివర్సు చేస్తా ఉండారు.”

“పునాది చూడడానికి గుంత తవ్వించావా?”

“తవ్వించినా సార్, మండపం పక్కన. మీకెట్ల తెలుసు?”

“ఫోన్ పెట్టేసి, పరుగెత్తి పోయి లారీని ఆపమ్మా. స్తంభం సంగతి తర్వాత మాట్లాడుకుందాం.”